కడవ లేని నడక

మా ఆఫీసు కల్లూరులో ఒక టైల్స్ దుకాణం పైన ఉంది. కింద బండలు కోసే మిషను మొదలైందంటే పైన మా టేబుళ్ళ మీద టీ గ్లాసులు వణుకుతాయి. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళు ఏం పని చేస్తావమ్మా అని అడిగితే మొదట్లో యానిమేషన్ అని చెప్పేదాన్ని. అంటే ఏందని మళ్ళీ అడిగేవాళ్ళు. ఆ తర్వాత బొమ్మలకు నడక నేర్పిస్తానని చెప్పడం మొదలుపెట్టాను. అది విని ఒకావిడ నన్ను అంగన్‌వాడీ టీచరనుకొని, తన మనవడు ఏడాది దాటినా అడుగు వేయడం లేదని బాధపడింది. నేను కాదనలేదు. దిగాల్సిన చోటు వచ్చేదాకా విని, వేస్తాడులే అని ధైర్యం చెప్పి దిగాను.

నిజంగానే నా పని అది. బొమ్మను ఎవరో గీస్తారు, రంగు ఎవరో వేస్తారు. దాన్ని కంప్యూటర్లో లేపి నిలబెట్టి, అడుగు తీసి అడుగు వేయించేది నేను. ఇప్పుడు మా చేతిలో ఉన్నది రోబోల కథ, త్వరలో టీవీలో రాబోతున్న ధారావాహిక. పేరు బయట చెప్పకూడదని మా అందరి చేతా సంతకాలు చేయించుకున్నారు కాబట్టి చెప్పను. కథ కూడా చెప్పకూడదనే అన్నారు కానీ, అది కొంచెమైనా చెప్పకపోతే ఈ ముచ్చట ముందుకు కదలదు.

మనుషులు వాడి పారేసిన రోబోలన్నీ ఒక పాత రాళ్ళ గనిలో ఊరు కట్టుకొని బతుకుతుంటాయి. ఒకటి వీధులు ఊడుస్తుంది. ఒకటి చెడిపోయినవాటికి మరమ్మతు చేస్తుంది. ఒకటి ఏ పనీ చేయకుండా అందరికీ సలహాలు చెబుతుంది, అలాంటివాళ్ళు లేని ఊరుంటుందా? వాటికి మనలాగా దప్పిక వేయదు కానీ, ఎండకు వేడెక్కిన ఒళ్ళు చల్లబడాలంటే నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు తెచ్చే రోబో ఒకటి ఉంది. ఎడమ పక్క తుంటికి ట్యాంకు తగిలించుకొని సందుసందూ తిరుగుతుంది. దాని బొమ్మ మొదటిసారి తెర మీద చూసినప్పటి నుంచీ నేను దాన్ని 'అది' అనలేకపోయాను, 'ఆమె' అనే అన్నాను.

ఆమె మా దగ్గరికి రావడమే ఒక విశేషం. అంతకుముందు మాకు వచ్చేవన్నీ మిగిలిపోయిన పనులు. హైదరాబాదులోని పెద్ద స్టూడియోలు ముఖ్యమైన పాత్రలన్నీ తామే ఉంచుకొని, వెనకాల కదిలే జనం, దుమ్ము, పొగ, ఎగిరే కాకులు మాకు పంపేవి. తిరునాళ్ళలో జనాన్ని నడిపించమంటే నా అంతగా నడిపించేవాళ్ళు లేరని గర్వంగా చెప్పగలను. కానీ ఆ జనంలో ఒక్కరికీ మొహం ఉండదు. ఎంత బాగా నడిపించినా చూసేవాళ్ళ కళ్ళు ముందున్న హీరో మీదే ఉంటాయి. ఏళ్ళ తరబడి నా పని అదే.

మా స్టూడియో పెట్టినాయనది కోడుమూరు దగ్గర రైతు కుటుంబం. హైదరాబాదులో ఇదే పని చేసి, అక్కడి ట్రాఫిక్కుకు విసిగి వెనక్కి వచ్చేశాడు. మేమంతా ఆయన్ను అన్న అంటాం. ఒకరోజు అన్న మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చి, హైదరాబాదువాళ్ళు నీళ్ళ రోబోను మన చేతిలో పెట్టి చూస్తారంట అని చెప్పాడు. ఆమెవి రెండు నడకలు చేసి పంపాలి. ట్యాంకు ఉన్నప్పటిది ఒకటి, ట్యాంకు లేనప్పటిది ఒకటి. అవి నచ్చితే ధారావాహికలో ఆమె కనిపించే ప్రతి సన్నివేశమూ మాదే అవుతుంది. నచ్చకపోతే ఆమె హైదరాబాదుకు వెళ్ళిపోతుంది, మేం మళ్ళీ కాకులు ఎగరేసుకోవాలి.

ఆమె నాకు కావాలనిపించింది. అంతకంటే సొగసుగా చెప్పడం నాకు చేతకాదు. నా చేతి మీద నడిచే ఒక్క మనిషికైనా మొహం ఉండాలని, పేరు ఉండాలని, పిల్లలు ఆమె కోసం టీవీ ముందు కూర్చోవాలని కోరుకున్నాను.

నడక చేయాలంటే ముందు నిజమైన మనిషిని నడిపించి వీడియో తీసుకుంటాం. దాన్ని పక్కన పెట్టుకొని బొమ్మ కీళ్ళు కదుపుతాం. బరువు మోసే మనిషి కోసం వెతకాల్సిన పని లేకపోయింది, మా ఇంట్లోనే ఉంది. అమ్మది ఆలూరు వైపు పల్లె. పెళ్ళయినప్పటి నుంచి ఊరి బయట బావి నుంచి నీళ్ళు మోసింది. బావి ఎండాక బోరింగు నుంచి మోసింది. బోరింగు ఎండాక ట్యాంకరు ఆగే చోటి నుంచి మోసింది. చోటు మారిందే కానీ మోత తప్పలేదు. నాన్న పోయాక నా దగ్గరికి వచ్చింది. నా ఇంట్లో వంటింటి కొళాయి ఉంది, మేడ మీద ట్యాంకు ఉంది. అయినా అమ్మ పొద్దున్నే నీళ్ళొచ్చే వేళకు గేటు పక్కనున్న కొళాయి కింద కడవ పెట్టి, నింపి, చంకనెత్తుకొని లోపలికి తెచ్చేది. వంటింట్లో తిప్పితే వచ్చేవి ఆమె లెక్కలో నీళ్ళే కావు.

అమ్మను ఆఫీసు మేడ మీదికి తీసుకువెళ్ళాం. మా దగ్గర రంగులు వేసే ఆవిడ కర్నూలు పాతబస్తీ నుంచి వస్తుంది. నాకంటే పెద్దది కాబట్టి, వాళ్ళింట్లో అక్కను పిలిచినట్టు ఆపా అంటాను. వీడియో తీసేది ఆపా. పెద్దావిడకు బరువెందుకని అన్న ఎక్కడి నుంచో ఒక ఖాళీ ప్లాస్టిక్ బిందె తెచ్చాడు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"ఖాళీ కడవ ఎత్తుకొని మీకు ఎదురురావాలనా? నేను రాను."

"ఊరికే బొమ్మ కోసం పెద్దమ్మా" అన్నాడు అన్న. "బరువు మేము కంప్యూటర్లో పెట్టుకుంటాం."

"బొమ్మకైతేనేమప్పా? మీరు కొత్తగా పని మొదలుపెడతాండారు. ఖాళీ కడవ ఎదురొస్తే ఆ పని ముందుకు పోతాదా? నింపుకొని రా. లేదంటే నేను ఇంటికి పోతా."

అన్న కింద దుకాణం వాళ్ళ డ్రమ్ము నుంచి నింపుకొని వచ్చాడు. మెట్లెక్కేసరికి ఆయన చొక్కా సగం తడిసింది. అమ్మ దాన్ని ఒక్క ఊపులో చంకన పెట్టుకొని, ఏమీ ఎత్తనట్టే నడిచి చూపించింది. మెడ కదలలేదు. కుడి చెయ్యి మాత్రం తెడ్డు వేసినట్టు ఊగింది. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా పడ్డాయి. ఒక్క చుక్క తొణకలేదు. అన్న తన చొక్కా చూసుకున్నాడు, ఆపా నవ్వాపుకోలేక ఫోను కదిలించింది. చాలమ్మా అన్నాక అమ్మ ఆ నీళ్ళు పారబోయనివ్వలేదు. మేడ మీద పని చేసే తాపీమేస్త్రీల తొట్టిలో పోసి, బిందె అక్కడే పెట్టి, ఖాళీ చేతులతో మెట్ల వైపు నడిచింది. ఆపా ఫోన్లో వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. అలా ట్యాంకు లేని నడక కూడా అడగకుండానే దొరికింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు తెలియదు. తిండి చల్లారేది, ఎవరైనా పలకరిస్తే కసురుకునేదాన్ని. మామూలుగానే నాకు నోటి దురుసు ఎక్కువ, పని మీద ఉంటే ఇంకా ఎక్కువ. మొదటి నడక పంపాక ధారావాహిక దర్శకుడు హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో మాట్లాడాడు. "ట్యాంకు బరువు కనిపిస్తోంది మేడమ్. లోపల నీళ్ళున్నట్టు తెలుస్తోంది" అన్నాడు. అన్న నాకేసి చూసి కళ్ళెగరేశాడు. బరువు కనిపించడానికి కారణం ఎవరో మా ముగ్గురికీ తెలుసు.

రెండో నడకే అసలైనది. కథలో ఒక చోట రోబోల ఊరంతటికీ గొట్టాలు వేస్తారు. ఇక ఆమె మోయక్కర్లేదు. మరమ్మతు చేసే రోబో వచ్చి ఆమె పక్క నుంచి ట్యాంకు విప్పేస్తుంది. తయారైనప్పటి నుంచి మొట్టమొదటిసారి ఆమె ఏ బరువూ లేకుండా వీధి వెంట నడుచుకుంటూ వెళ్తుంది. మాటలు లేవు, నడక ఒక్కటే. నేను దాన్ని ఎంతో ఇష్టంగా చేశాను. చేసి అన్నకు, ఆపాకు చూపించాను. ఇద్దరూ బాగుందన్నారు. ఆపా అయితే మళ్ళీ మళ్ళీ పెట్టించుకొని చూసింది.

దర్శకుడు నాకంటే చిన్నవాడు, మంచివాడు. మంచివాడు కాబట్టే నాకు ఒళ్ళు ఎక్కువ మండింది. అరిచేవాడైతే నేనూ నాలుగు అరిచి తేలికపడేదాన్ని.

"ఒక్క చిన్న పొరపాటు జరిగింది మేడమ్" అన్నాడు. "ట్యాంకు తీసేశాం కదా, ఆమె ఇంకా ఒక పక్కకే ఒరిగి నడుస్తోంది. మొదటి నడకను కాపీ చేసుకొని సరిచేయడం మర్చిపోయినట్టున్నారు."

మేం ముగ్గురం తెర మీదికి వంగి చూశాం. ఆమె నడుస్తోంది. మాకు ఏమీ కనిపించలేదు.

"బాగనే నడుస్తాండాది కదా సార్" అన్నాడు అన్న.

"యాడ ఒరిగింది?" అని ఆపా నా చెవిలో అడిగింది.

అప్పుడు దర్శకుడు అటు నుంచి తెర మీద ఒక ఎర్రగీత గీశాడు. నెత్తి మధ్య నుంచి పాదాల దాకా నిలువుగా. గీత పడ్డాక కనిపించింది. ఎడమ తుంటి గీత దాటి బయటికి వచ్చింది. భుజాలు కుడి పక్కకు వాలాయి. ఎడమ చెయ్యి ఒంటికి ఆనకుండా, ఏదో చుట్టుకొని పట్టుకున్నట్టు వంకరగా నిలిచి ఉంది. ముగ్గురం అన్నిసార్లు చూశాం. ఒక్కరి కంటికీ అది వంకర అనిపించలేదు. మా ఇళ్ళలో, మా వీధుల్లో ఆ వయసు ఆడవాళ్ళు అందరూ అలాగే నడుస్తారు. మా కళ్ళకు నడక అంటేనే అది.

నాకు మొహం వేడెక్కింది. "ఆమె అట్లనే నడుస్తాది!" అన్నాను గట్టిగా.

"ఎవరు మేడమ్?" అన్నాడు ఆయన, నిజంగా అర్థంకాక.

మా అమ్మ అని చెప్పడానికి నోరు రాలేదు. ఎర్రగీత ఇంకా తెర మీద ఉంది. దాని మీదికి మా అమ్మను తెచ్చి నిలబెట్టడం నా వల్ల కాలేదు. రోబో అన్నాను. ఆయన చిన్నగా నవ్వి, వారం చివరికల్లా సరిచేసి పంపమన్నాడు. ఆ వీడియో చూసి పైవాళ్ళు ఆమె ఎవరి దగ్గర ఉండాలో తేలుస్తారని చెప్పాడు.

ఆ సాయంత్రం ఆటోలో వస్తూ దారి పొడవునా ఆడవాళ్ళ నడకలే చూశాను. కూరగాయల బండి దగ్గర నిలబడ్డ ఆవిడ, ఆసుపత్రి ముందు రోడ్డు దాటుతున్న ఆవిడ, మనవరాలి బడి సంచి మోసుకుపోతున్న ఆవిడ. కొందరికి తుంటి ఎడమకు పోయింది, కొందరికి కుడికి. ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆరేసిన బట్టలు తీసుకొని లోపలికి పోతోంది. ఆ ఎర్రగీత నా కంట్లోనే ఉండిపోయిందేమో, వెనక నుంచి అమ్మను మొదటిసారి చూశాను. తుంటి ఎంత పక్కకు పోయిందో, ఆ చెయ్యి దేన్ని పట్టుకొని ఉందో చూశాను. గేటు దగ్గరే నిలబడి ఏడ్చాను.

"నడుము నొప్పి ఉండాదామ్మా?" అని అడిగాను లోపలికి వెళ్ళాక.

"ఉంటాది. నడుమున్నోళ్ళకు నడుము నొప్పి ఉండదా? ఏమే, ఈ పొద్దు కొత్తగా అడుగుతాండావు?"

మర్నాడే కర్నూల్లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన ఎక్స్‌రే తీయించి చూసి, ఇప్పుడు వంకర తీయడం కుదరదు, నొప్పి పెరగకుండా చూసుకోవాలి, ఇకమీదట బరువులు ఎత్తకూడదు అని చెప్పాడు. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని కడవను అటక మీదికి ఎక్కించడం. నిచ్చెన వేసుకుంటే తప్ప అందని చోట, పాత ట్రంకుపెట్టె వెనక పెట్టాను.

"నా కడవ యాడ పెట్టినావు?" అంది అమ్మ పొద్దున్నే.

"డాక్టరు ఎత్తొద్దన్నాడు కదా."

"ఆయప్ప ఎప్పుడన్నా ఒక కడవ మోసినాడా? ఏం తెలుసు ఆయప్పకు?"

"నువ్వు మోసింది చాలు. కొళాయి తిప్పితే వస్తాయి నీళ్ళు."

"వస్తాయిలే" అంది.

అమ్మ నాతో కొట్లాడి ఉంటే బాగుండేది. అమ్మతో కొట్లాటలో నాకు అనుభవం ఉంది. ఆమె కొట్లాడలేదు. నీళ్ళొచ్చే వేళకు గేటు దాకా పోయి, కొళాయి తిప్పి, ధార ఎంత లావున వస్తోందో చూసి, కట్టేసి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చేది. లోపలికి వచ్చి వంటింటి గట్టు దగ్గర కాసేపు ఊరికే నిలబడేది. నేను మంచి పనే చేశానని నాకు తెలుసు. అయినా ఆ పొద్దులు నాకు బాగుండేవి కావు.

ఆఫీసులో రెండో నడకను సరిచేశాను. తుంటి లోపలికి నెట్టాను. భుజాలు నిలబెట్టాను. చెయ్యి ఒంటికి ఆనించాను. ఎర్రగీత ఎక్కడా దాటకుండా చక్కగా నడిచింది. అన్న ఊపిరి పీల్చుకొని, ఇంగ పంపించెయ్యమ్మా అన్నాడు. ఆయన ఆశ ఆయనది. ఆ పాత్ర దొరికితే మా అందరికీ ఒక గౌరవం. ఆపా మాత్రం చూసి, "బాగుంది. ఎవరో మాత్రం తెలియడం లేదు" అంది. ఆ మాటకు నేను ఆపా మీద విసుక్కున్నాను. టీలో చక్కెర తక్కువైందని టీ తెచ్చినాయన మీద కూడా విసుక్కున్నాను. నాకు కావలసింది దొరకబోతోంది, నాకే అది రుచించడం లేదు.

బహుశా నేను చేత్తో నిలబెట్టడం వల్ల జీవం పోయిందేమో అనుకున్నాను. నిటారుగా నడిచే అమ్మను వీడియో తీసి, దాన్ని చూసి చేస్తే సరిపోతుందనిపించింది. ఎంత తెలివితక్కువ ఆలోచనో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తోచలేదు. అమ్మను మళ్ళీ ఆఫీసు మేడ మీదికి తీసుకువెళ్ళాను. అక్కడ పరిచిన కడప బండల నడుమ సిమెంటు గీత ఒకటి గోడ దాకా తిన్నగా పోతుంది.

"అమ్మా, ఈ గీత మీద నిటారుగా నడువు. చెయ్యి కిందికి వదిలేయి."

"నడిచేది కూడా నేర్పిస్తావా నాకు?" అని నవ్వింది కానీ, నా కోసం నిలబడింది. భుజాలు పైకి లాగింది. బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లలా చేతులు ఒంటికి అంటించుకుంది. కొంచెం దూరం అలా నడిచి ఆగిపోయింది. వెనక్కి తిరిగి నేల మీద చూసింది. మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగి వెనక్కి చూసింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు పాపా. ఇట్ల నడిస్తే నా చేతిలోంచి ఏమో జారి పడిపోయినట్లే ఉండాది."

చాలమ్మా, ఇంక వద్దు అన్నాను. ఆపా అప్పటికే ఫోను కిందికి దించేసింది.

కిందికి వచ్చాక అమ్మ నీళ్ళు తాగుతుంటే, ఇంతదూరం వచ్చింది కదా చూపిద్దామని ఆపా తెర మీద బొమ్మలు పెట్టింది. ట్యాంకుతో నడిచే రోబోను చూసి అమ్మ, "పాపం, బలే మోస్తాండాదే" అంది. అది తన నడకేనని అమ్మకు తోచలేదు, మేమూ చెప్పలేదు. తర్వాత నేను సరిచేసిన నిటారు నడక పెడితే, "ఈయమ్మ వేరేనా?" అని అడిగింది. చివరికి ఆపా, నేను వద్దని సైగ చేస్తున్నా, పాత రెండో నడక పెట్టింది. ట్యాంకు లేకుండా, ఒక పక్కకు ఒరిగి, చెయ్యి చుట్టుకొని నడిచేది. అమ్మ గ్లాసు టేబులు మీద పెట్టి ముందుకు వంగింది.

"అయ్యో, దీనికి కడవ గీసేది మర్చిపోతిరి కదా!"

ఆపానే మెల్లగా చెప్పింది. "మర్చిపోలేదు పెద్దమ్మా. తీసేసినారు. ఊర్లో అందరికీ కొళాయిలు వచ్చినాయి. ఇంగ మోసే పని లేదు దానికి."

"తీసేసినారా?" అంది అమ్మ. మళ్ళీ ఒకసారి తెర వైపు చూసింది. మిగిలిన నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది.

అమ్మను ఆటో ఎక్కించి వచ్చాక అన్న ముందు నిలబడ్డాను. నిటారు నడక పంపనని, పాతదే పంపుతానని చెప్పాను. ఆ రోబో మనకు దక్కకపోవచ్చని కూడా చెప్పాను. అన్న చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయన అరిస్తే ఏం చెప్పాలో అన్నీ కూడగట్టుకొని నిలబడ్డాను.

"పంపమ్మా" అన్నాడు. "పోతే పోతాది. కాకులు ఉండనే ఉండాయి మనకు."

అంతటి మాట ఆయన నుంచి వస్తుందనుకోలేదు. కాకులు ఎవరికి కావాలి అని ఆయన మీదే చిరాకుపడి బయటికి వచ్చి దర్శకుడికి ఫోన్ చేశాను. ఈసారి అమ్మ గురించి చెప్పాను. అది కాపీ చేసి మర్చిపోయిన పొరపాటు కాదని, మాకు వంకర కనిపించకపోవడమే అసలు జరిగిందని చెప్పాను. బావి, బోరింగు, ట్యాంకరు అన్నీ చెప్పాను. కడవ గీయడం మర్చిపోయారని అమ్మ అన్న మాట కూడా చెప్పాను. "ట్యాంకు విప్పేసినంత మాత్రాన ఒళ్ళు దాని బరువు విప్పుకోదు సార్" అని ముగించాను.

అమ్మ వీడియో ఉంటే పంపమన్నాడు ఆయన. ఆపా తన ఫోన్లో ఉన్న ముక్క పంపింది. తొట్టిలో నీళ్ళు పోసి, బిందె పెట్టేసి, అమ్మ మెట్ల వైపు నడిచిపోయే ముక్క.

వారం చివరి రోజు వచ్చింది, పోయింది. ఏ కబురూ లేదు. అన్న కాకుల పని ఏదో ఒప్పుకోవడానికి వేరే స్టూడియోతో మాట్లాడుతున్నాడని నాకు తెలుసు. మమ్మల్ని చూస్తే ఫోన్ పట్టుకొని బయటికి వెళ్ళేవాడు. నేను నా టేబులు సర్దుకున్నాను. చేసిన పని మంచిదే అని మనసుకు చెప్పుకున్నా, ఆమె బొమ్మ ఉన్న ఫైలు తెరవడానికి చెయ్యి ఆడలేదు. ఆమె వేరే ఎవరి చేతిలోనో నిటారుగా నడుస్తుందనిపిస్తే లేచి మేడ మీదికి వెళ్ళిపోయేదాన్ని.

తర్వాతి వారం మధ్యలో దర్శకుడు ఫోన్ చేశాడు. పైవాళ్ళకు రెండు నడకలూ చూపించాడట. పక్కనే అమ్మ వీడియో కూడా పెట్టాడట. చూసేవాళ్ళు తప్పు అనుకుంటారేమోనని ఒకరిద్దరు అన్నారట. అందుకని ఆ సన్నివేశం ఇంకొంచెం పొడిగిస్తున్నామని, ఆమె వీధి చివరి దాకా అలాగే నడుస్తుందని, చూసేవాళ్ళకే అర్థమవుతుందని చెప్పాడు.

"ఎర్రగీత తీసేశాను మేడమ్" అన్నాడు. "ఆమె ఇక మీ దగ్గరే ఉంటుంది."

అన్న కింద దుకాణం వాళ్ళకు కూడా మైసూరుపాకులు పంచాడు. ఆపా నన్ను పట్టుకొని ఊపేసింది. నేను ఆ రోజంతా ఎవరి మీదా విసుక్కోలేదని తర్వాత వాళ్ళే చెప్పారు.

అమ్మకు ఆ రోజు చెప్పడం కుదరలేదు. మర్నాడు పొద్దున నీళ్ళొచ్చే వేళకు లేచి బయటికి వచ్చాను. అమ్మ అప్పటికే గేటు దగ్గర కొళాయి తిప్పి చూసి, కట్టేసి, లోపలికి వస్తోంది. చేతుల్లో ఏమీ లేదు. ఎడమ చెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఒంటికి ఎడంగా, వంకరగా ఉంది.

"అమ్మా, ఆ రోబో మాకే ఇచ్చినారు" అన్నాను. "నువ్వు చూసినావు కదా, ఒక పక్కకు ఒరిగి నడిచేది. ఆ నడక నీదే. దాన్నే పెట్టుకున్నారు."

అమ్మ ఆగింది. "నాదా?" అంది. నమ్మలేనట్టు నవ్వింది. తర్వాత కొంచెంసేపు ఆలోచించింది.

"మళ్ళా దాని కడవ దానికి ఇచ్చినారా?"

"లేదమ్మా. కడవ లేకనే నడుస్తాది."

అమ్మ వెనక్కి తిరిగి కొళాయి వైపు చూసింది. కింద ఏమీ లేని చోట చివరి చుక్కలు పడుతున్నాయి.

"పాపం" అంది. "దాన్ని తొందరపెట్టొద్దని చెప్పు మీ సార్‌కు. అలవాటు కావాలంటే శానా దినాలు పడతాది."